గాలిని వండిపెట్టే బుడిపెలు

యీసారి కూరగాయల బజారుకు వెళ్ళినప్పుడు, కాస్త ముదిరి వేళ్ళతో సహా పీకి తెచ్చిన మెంతికూర కట్ట యేదైనా కనిపిస్తే తీసుకురండి. ఆకు దూసుకున్న తర్వాత ఆ వేళ్ళను పారెయ్యకుండా గిన్నెడు నీళ్ళలో నెమ్మదిగా జాడించి చూడండి. సన్నని వేళ్ళకు పక్కగా ఆవగింజంతవీ, అంతకన్నా చిన్నవీ బుడిపెలు అంటుకుని వుండవచ్చు. పిల్లల్ని పిలిచి వొక బుడిపెను గోటితో చిదపమనండి. లోపల లేత ఎరుపు రంగు కనిపించిందా, మీ వంటింట్లోకి వొక ఎరువుల కర్మాగారం నడిచి వచ్చిందన్నమాటే. కనిపించకపోతే విచారించకండి. యిసుకలో పదిరోజులు పెంచి అమ్మే లేత మెంతికూరకు బుడిపెలు పట్టే వ్యవధి వుండదు.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి యీ ఎరువుల గొడవ యెందుకని అడుగుతారేమో. మా బాబాయి కూడా అడిగాడు. ఆ సంగతి తర్వాత చెబుతాను. నాకు దీనిమీద మొదట ఆసక్తి కలిగించింది వొక మాట. ఆమ్లజని, ఉదజని, నత్రజని అని మూడు మాటలు మనవాళ్ళు వొకే అచ్చులో పోశారు గదా! మొదటి రెండూ పాఠ్యపుస్తకాల్లోనే వుండిపోయాయి. నత్రజని మాత్రం పుస్తకం దాటి పొలం గట్టెక్కింది. బడి మొగం అంతగా చూడని రైతు కూడా ఎకరానికి యెంత నత్రజని అని తడుముకోకుండా చెబుతాడు. మాట బతకాలంటే దానితో జనానికి అవసరం వుండాలి. నత్రజనితో మనకున్న అవసరం అటువంటిది.

అవసరం యెంతో వంటింటి లెక్కతోనే చూద్దాం. మనం యిడ్లీకి నానబోసే మినప్పప్పులో నూటికి 24 వంతుల దాకా మాంసకృత్తులు. మాంసకృత్తుల బరువులో దరిదాపు ఆరోవంతు నత్రజని. ఆ లెక్కన కిలో పప్పులో 38 గ్రాముల నత్రజని వున్నట్టు. ఎకరం చేలో ఆరు క్వింటాళ్ళ మినుములు పండితే వొక్క గింజల్లోనే 23 కిలోల నత్రజని యింటికి చేరుతుంది. 45 కిలోల యూరియా బస్తాలో నూటికి 46 వంతుల చొప్పున వుండేది 20 కిలోల 700 గ్రాములు. అంటే బస్తా యూరియాకు మించిన సరుకు గింజల రూపంలో బండెక్కిందన్నమాట. మరి మినుముకు వ్యవసాయ శాఖవారు వెయ్యమనేది యెంత? ఎకరానికి 8 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరం. కృష్ణా డెల్టాలో వరి కోసే ముందు తడి నేలమీద వెదజల్లే మాగాణి మినుముకైతే చాలామంది అదీ వెయ్యరు. వరికి వేసినదాంట్లో మిగిలింది కొంత వుంటుంది, నిజమే. తక్కిన పెద్దభాగం యెక్కడిది?

గాలిలోది. మనం పీల్చే గాలిలో నూటికి 78 వంతులు నత్రజనే. ఎకరం నేలమీద ఆకాశం అంచుదాకా నిలబడిన గాలిలో సుమారు 30 వేల టన్నుల నత్రజని వుంటుంది. కాని అది అటకమీది బెల్లపు కుండ. కింద పిల్లవాడు యెంత యేడ్చినా అందదు. గాలిలోని నత్రజని పరమాణువులు రెండేసి చొప్పున గట్టిగా కావలించుకుని వుంటాయి. ఆ కౌగిలి విడదీసి ఉదజనితో కలిపితేగాని మొక్క నోటికి పట్టదు. వరికీ, జొన్నకూ, మిరపకూ ఆ శక్తి లేదు. మనిషి 1909 దాకా యీ పనిని చవకగా, బాగా చేసే దారి కనిపెట్టలేకపోయాడు. ఆ యేడు జర్మనీలో ఫ్రిట్జ్ హాబర్ తన ప్రయోగశాలలో చేసి చూపించాడు. కార్ల్ బాష్ దాన్ని కర్మాగారం స్థాయికి తెచ్చాడు. 1913లో ఓపౌ అనేచోట ఉత్పత్తి మొదలైంది. 400 డిగ్రీలకు మించిన వేడి, మన చుట్టూ వున్న గాలికి రెండువందల రెట్ల ఒత్తిడి కావలసివచ్చింది. మన రామగుండంలో 2021 నుంచి మళ్ళీ యూరియా తయారుచేస్తున్న కర్మాగారం మూలసూత్రం కూడా అదే. అంత ఆర్భాటం చేసే పనిని మెంతికూర వేరుమీది బుడిపె, చల్లని మట్టిలో, చడీ చప్పుడూ లేకుండా చేస్తుంది.

యీ సంగతి తెలుసుకోవడానికి పెద్దపెద్ద వాళ్ళు పడ్డ అవస్థ చెప్పుకోదగినది. పప్పుజాతి పైరు వేసిన చేలో తర్వాతి పైరు బాగుంటుందని రైతులకు యే కాలంనుంచో తెలుసు. మన మెట్టరైతు జొన్న సాళ్ళ మధ్య కంది వేసింది వొక్క కందిపప్పుకోసమే కాదు. 1838లో బూసింగో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు తూకం వేసి, బఠాణీ, క్లోవరు మొక్కల్లో నత్రజని పెరుగుతోందనీ, గోధుమలో పెరగడంలేదనీ చూపించాడు. కాని రసాయన శాస్త్రంలో ఆనాటి మహారాజు జర్మనీ దేశపు లీబిగ్. వానతో నేలకు దిగే అమ్మోనియాయే చాలునని ఆయన వాదం. తేల్చుకుందామని యింగ్లండులో రాథమ్‌స్టెడ్ క్షేత్రంవారు 1857, 1858లలో బ్రహ్మాండమైన ప్రయోగం చేశారు. బయటి మలినం యేదీ సోకకూడదని మట్టిని యెర్రగా కాల్చారు. మొక్కల్ని గాజు గంటల కింద పెట్టారు. గాలిని కూడా కడిగి పంపారు. యింత మడి కట్టుకుని చూస్తే పప్పుమొక్క కూడా గాలినుంచి యేమీ తీసుకోలేదు. గాలి నత్రజని మొక్కకు పనికిరాదని తీర్మానమైపోయింది.

వాళ్ళ తూకాల్లో తప్పు లేదు. పని చేసే జీవాన్నే మట్టితోపాటు కాల్చేశారు, అంతే. మడి మరీ యెక్కువైతే వంటమనిషే లోపలికి రాలేదన్నట్టయింది!

చిక్కుముడి విప్పింది హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ అనే జర్మన్లు. శుభ్రమైన యిసుక కుండల్లో వాళ్ళు బార్లీ, ఓట్లు, బఠాణీ పెంచారు. బార్లీ, ఓట్లు వేసిన ఎరువుకు తగినట్టు క్రమంగా పెరిగాయి. బఠాణీ మాత్రం పెంకెపిల్లలా ప్రవర్తించింది. వొకే రకం యిసుక, అదే నీరు, అయినా వొక కుండలో మొక్క యెండిపోయేది, పక్క కుండలో పచ్చగా యెదిగేది. యెదిగిన మొక్కల వేళ్ళకు బుడిపెలున్నాయి, యెండినవాటికి లేవు. మామూలు చేని మట్టిని నీళ్ళలో కలిపి తేర్చి ఆ నీరు పోస్తే అన్ని కుండలూ పచ్చబడ్డాయి. ఆ నీటినే మరిగించి పోస్తే యేమీ జరగలేదు. వొక జీవం వున్నదని తేలిపోయింది. 1886లో బెర్లిన్ సభలో యీ సంగతి చెప్పారు. రెండేళ్ళకు హాలండులో బైరింక్ అనే ఆయన ఆ సూక్ష్మజీవిని బుడిపెలోంచి విడదీసి పెంచాడు. దానికి తర్వాత స్థిరపడిన పేరు రైజోబియం.

మా కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే లెక్చరరుగారు నాకీ కథ చెబుతూ, “మేష్టారూ, యిది మీ ప్రబంధాల్లో శృంగారానికేమీ తీసిపోదు” అన్నారు. విన్నాక నేనూ వొప్పుకున్నాను. మొక్కకు నత్రజని కరువైనప్పుడు వేరునుంచి కొన్ని పదార్థాలు మట్టిలోకి వదులుతుంది. అది కబురు. తనకు సరిపడిన సూక్ష్మజీవి దగ్గర్లో వుంటే దాన్ని అందుకుని తనూ వొక పదార్థంతో జవాబు పంపుతుంది. యిది అందగానే వేరుమీది సన్నని నూగు కొంకిలాగా వొంగి ఆ జీవిని పట్టుకుంటుంది. లోపలికి సన్నని గొట్టంలాంటి దారి యేర్పడుతుంది. వేరు లోపల బుడిపె కట్టుకుంటుంది. వేరుశనగ మాత్రం యీ మర్యాదలేవీ పాటించదు. పిల్లవేరు బయటికి వచ్చేచోట పడే పగుళ్ళలోంచే దాని సూక్ష్మజీవులు జొరబడతాయి.

అయితే వియ్యం అందరితోనూ కుదరదు. మినుము, పెసర, కంది, అలసంద, వేరుశనగ దాదాపు వొకే చుట్టరికంలోవి. వొకదాని సూక్ష్మజీవి చాలావరకు మరొకదానికి పనికొస్తుంది. శనగకు వేరే జాతి కావాలి. సోయాకు వేరు, మెంతికి వేరు. సోయా వెనక యెన్నడూ వెయ్యని చేలో కొత్తగా వేస్తే దాని జోడు ఆ మట్టిలో దొరక్క బుడిపెలు సరిగా పట్టవు. యింకో విచిత్రం, కాయ చూసి కులం చెప్పినా బుడిపె వుంటుందని చెప్పలేం. బతుకమ్మలో పేర్చే తంగేడూ, పచ్చడి పెట్టుకునే చింతా కూడా యీ కాయజాతి చెట్లే. వాటికి బుడిపెలు లేవు. యిటు వేరుశనగలోనే బుడిపెలు పట్టని మొక్కలు కొన్ని, 1972లో నెలకొన్న పటాన్‌చెరువు ఇక్రిశాట్ క్షేత్రంలో బయటపడ్డాయి. వాటిని మామూలు వేరుశనగ పక్కన పెంచితే ఆకు పాలిపోయి వుంటుంది. గాలినుంచి మామూలు మొక్క యెంత సంపాదించుకుందో లెక్కగట్టడానికి శాస్త్రజ్ఞులు వాటిని కొలబద్దగా వాడుకున్నారు.

బుడిపెలో ఎరుపు యేమిటని మీ పిల్లలు అడిగి వుంటారు. మన నెత్తురుకు రంగునిచ్చే పదార్థానికి అది దాయాది. 1939లో కూబో అనే జపాను శాస్త్రజ్ఞుడు గుర్తించాడు. దాని అవసరం యిదీ: నత్రజనిని విడదీసే సాధనం సూక్ష్మజీవి దగ్గర వున్నది గాని, ఆమ్లజని తగిలితే అది పాడైపోతుంది. ఆమ్లజని బొత్తిగా లేకపోతే సూక్ష్మజీవికి శక్తి లేదు. ఆ ఎరుపు పదార్థం ఆమ్లజనిని పట్టి, చిన్న చెంచాతో కొలిచినట్టు అందిస్తుంది. ఎరుపుంటే పొయ్యి వెలుగుతున్నట్టు. ఆకుపచ్చగా, బూడిదరంగుగా మారితే ఆరిపోయినట్టు. తెల్లగా వుంటే యింకా రాజుకోలేదు, లేదా రాజుకునే రకం కాదు.

యిక అసలు విషయం. యీ వంట వూరికే జరగదు. ఆకులు యెండలో కష్టపడి చేసిన చక్కెరలో గణనీయమైన భాగం మొక్క బుడిపెలకు పంపుతుంది. అందుచేత మొక్క మహా పొదుపరి. నేలలో తయారుగా నైట్రేటు దొరుకుతున్నదని వేరుకు తెలియగానే కబురు పంపడం తగ్గిస్తుంది. కొత్త బుడిపెలు కట్టవు. కట్టినవాటికి చక్కెర తగ్గి, లోపలి ఎరుపు పోయి ముసలివవుతాయి. వీధి చివర పూటకూళ్ళమ్మ చవకగా అన్నం పెడుతుంటే యింట్లో పొయ్యి యెవరు రాజేస్తారు? పప్పుజాతి పైరుకు యూరియా గుప్పితే జరిగేది యిదే. ఎరువు వృథా అయితే అయిందని వూరుకోవడానికి లేదు. జీతం లేకుండా పనిచేసేవాళ్ళను మన డబ్బు పెట్టి మానిపించినట్టు. కొన్నాళ్ళకు ఆ యూరియా నీటితో దిగిపోయో, గాలిలో కలిసిపోయో అయిపోతుంది. అప్పుడు కాయకు బలం కావాలి. బుడిపెలు చూడబోతే లేవు!

మరి ఆ 8 కిలోలు మాత్రం యెందుకంటారా? గింజలో దాచుకున్న తిండి రెండు వారాల్లో అయిపోతుంది. బుడిపెలు పూర్తిగా పనిలోకి దిగేసరికి మూడు నాలుగు వారాలు పడుతుంది. మధ్యలో యీ నాలుగు రోజులూ గడవడానికి చేబదులు అన్నమాట. చేబదులు 17, 18 కిలోల యూరియాతో సరిపోతుంది.

మా బాబాయి రేపల్లె ప్రాంతంలో మాగాణి కౌలుకు చేస్తాడు. మొన్న సంక్రాంతికి వెళితే మినపచేను వొక మూల పసుపుపచ్చగా తిరిగిందని బెంగపెట్టుకుని వున్నాడు. బోరు నీళ్ళతో వొక తడి పెట్టి, బస్తా యూరియా చల్లేద్దామని తెచ్చి సావిట్లో వేశాడు. నేను చెప్పబోతే, “యేరా అబ్బాయ్, పద్యాలు చెప్పుకునేవాడివి, చేను సంగతి నాకు చెబుతావా?” అన్నాడు. చెప్పనన్నాను. పార తీసుకుని రమ్మన్నాను.

మొక్కను పీకకూడదు. పీకితే బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి. చుట్టూ పారతో గడ్డ యెత్తి, ఆ గడ్డను కాలవ నీళ్ళలో నానబెట్టి కరిగించాం. పచ్చగా వున్నచోటి మొక్కకు తల్లివేరు పైభాగంలో గుత్తులుగా బుడిపెలు. బాబాయి గోరు పెట్టి చీల్చాడు. ఎర్రగా వుంది. పసుపు తిరిగిన మూల పల్లం. వరి కోసిన తర్వాత కురిసిన వాన అక్కడ నాలుగు రోజులు నిలిచిందట. ఆ మొక్కలకు బుడిపెలు కొద్ది, వున్నవీ బూడిదరంగులో మెత్తబడి వున్నాయి. నీళ్ళు నిలిచి వేరుకు గాలి ఆడక పొయ్యి ఆరిపోయింది. అక్కడ కావలసింది నీళ్ళు పోయే బోదె. యూరియా చల్లి మళ్ళీ తడి పెడితే జబ్బును పెంచినట్టే. బాబాయి యేమీ అనలేదు. సాయంత్రానికి బోదె తవ్వాడు. బస్తాను మొక్కజొన్నకు తోలాడు.

ఆకు పసుపయిన ప్రతిచోటా నత్రజని లోపమేనని అనుకోవడం మన దేశంలో పెద్ద అనర్థం. మినుములో పసుపు మచ్చలు ఆకుపచ్చతో కలగలిసి వస్తే అది పల్లాకు తెగులు. తెల్లదోమ మోసుకొచ్చే వైరసు అది. దానికి యూరియా వేస్తే లేత ఆకు యెక్కువై దోమకు విందు. సున్నం యెక్కువున్న నేలలో వేరుశనగ లేతాకు తెల్లబారితే అది యినుము లోపం. బెట్ట తగిలినప్పుడు నూటికి రెండువంతుల యూరియా నీళ్ళు ఆకుమీద పిచికారీ చెయ్యమని శాస్త్రజ్ఞులే చెబుతారు. అది వేరే సంగతి. ఆకు తాగేది కొద్ది. నేలమీద గుప్పించడంతో దాన్ని పోల్చకూడదు. అన్నట్టు వేళ్ళకు కనిపించే ప్రతి వుబ్బూ బుడిపె కాదు. బుడిపె వేరుకు పక్కన అంటుకుని బొటనవేలితో తోస్తే రాలుతుంది. వేరే వాచినట్టు వుండి రాలకపోతే నులిపురుగులు చేసిన పని.

యింతా చేసి మా బాబాయి వచ్చే యేడు మినుము వెయ్యనంటున్నాడు. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. పల్లాకు తెగులూ, మొక్కను చుట్టుకుని పీల్చే బంగారుతీగా మినుమును పాడుచేస్తుంటే, గుంటూరు డెల్టాలో చాలామంది వరి మోళ్ళలో దున్నకుండానే మొక్కజొన్న వెయ్యడం మొదలుపెట్టారు. ఎకరానికి ముప్ఫై క్వింటాళ్ళకు పైన దిగుతుంది. కౌలు కట్టవలసినవాడు క్వింటాళ్ళే చూస్తాడు. బుడిపెలు కౌలు కట్టవు గదా! కాని మొక్కజొన్నకు బుడిపెలు లేవు. ఎకరానికి 80 కిలోలకు తగ్గకుండా నత్రజని కావాలి, అంటే దగ్గరదగ్గర నాలుగు బస్తాల యూరియా. అసలేమీ అడగని పైరు పోయి నాలుగు బస్తాలు అడిగే పైరు అదే చేలోకి వచ్చింది. రైతుకు బస్తా 270 రూపాయల లోపే గనుక లెక్క అక్కడికి సరిపోతుంది. తక్కిన ఖర్చు మనందరి పన్నులది. 2025 వానాకాలంలో యూరియా కోసం దుకాణాల ముందు రైతులు వరుసలో తమ బదులు చెప్పులు పెట్టి కూర్చున్న బొమ్మలు పత్రికల్లో మీరూ చూసే వుంటారు. నా మట్టుకు తోచేదేమంటే, మినుమును మాగాణిలో నిలబెట్టాలంటే బుడిపెల మహిమ వర్ణిస్తే చాలదు. తెగులు తట్టుకునే విత్తనం, అమ్ముకునేటప్పుడు నమ్మకమైన ధరా వుండాలి. తక్కిన పని బుడిపె చూసుకుంటుంది.

మీకు పొలం వుండి, కంది గాని మినుము గాని వెయ్యబోతున్నట్టయితే, వ్యవసాయ శాఖవారి దగ్గర రైజోబియం పొట్లం దొరుకుతుంది. నెలల తరబడి నీళ్ళు నిలిచిన వరిమడిలో యీ సూక్ష్మజీవులు తగ్గిపోతాయి గనుక అక్కడ దీని అవసరం మరీ వుంది. 200 గ్రాముల పొట్లం 8 నుంచి 10 కిలోల విత్తనానికి సరిపోతుంది. బెల్లం నీళ్ళు మరిగించి, పూర్తిగా చల్లార్చి, విత్తనానికి తడి అంటేలా కలిపి, పొడిని పట్టించి నీడలో ఆరబెట్టి, ఆ పూటే చల్లాలి. విత్తనానికి తెగుళ్ళ మందు కూడా పట్టించేదుంటే అది ముందు, యిది చివర. యే పంటకు తయారుచేసిందో పొట్లంమీద రాసి వుంటుంది. శనగ పొట్లం మినుముకు తేకండి. గడువు తేదీ చూడండి. కొట్టువాడు దాన్ని వాకిట్లో యెండకు పెట్టి వుంటే ధర తగ్గించినా తీసుకోవద్దు. లోపల వున్నవి ప్రాణులు. అవి చచ్చిపోతే మీకు మిగిలేది వొట్టి బొగ్గుపొడి.